పేటెంట్ అయిపోయిందంటున్నారు, మరి బ్రాండ్ మందు రేటు అసలు ఎప్పుడు దిగుద్ది?

ఎర్రమందారం:

నమస్తే అందరికీ. కాస్త పెద్ద పోస్టే, ఓపిక చేసుకుని చదవండి ప్లీజ్. మా నాన్నకి ఆస్తమా ఎప్పట్నుంచో ఉంది, ఈమధ్య గుండె లయ కూడా తప్పుతోందని చెప్పి రక్తం గడ్డకట్టకుండా అపిక్సబాన్ రాశారు. ఒక ఇన్‌హేలర్, ఒక బిళ్ళ, రెండూ బ్రాండ్‌వే, మేముండే చోట ఈ రెండిటికీ జెనరిక్ (అదే మందుని వేరే కంపెనీ చేసి చవగ్గా అమ్మేది) ఇంకా దొరకట్లేదు. మొన్న బిళ్ళల షీట్లు సర్దుతుంటే ఈపాటికి అయిపోవాల్సినవి సగం అలాగే ఉన్నాయి. ఏంటి నాన్నా అంటే ముందు మాట దాటేశారు, గట్టిగా అడిగితే "పొద్దున ఒకటి వేసుకుంటున్నాగా తల్లీ, నెల మందు రెండు నెలలొస్తుంది" అన్నారు. అప్పట్నుంచీ నాకు నిద్ర పట్టట్లేదు.

నెట్‌లో చూస్తే ఒకచోట అపిక్సబాన్‌కి జెనరిక్ 2019లోనే అప్రూవ్ అయిందని ఉంది, ఇంకోచోట 2028 దాకా రాదని ఉంది, ఏది నిజమో తెలీట్లేదు. పేటెంట్ అయిపోతే వెంటనే రేటు తగ్గుద్దా? ఎంత తగ్గుద్ది? అప్పటిదాకా మాలాంటివాళ్ళు ఏం చెయ్యాలి? తెలిసినవాళ్ళు కాస్త అర్థమయ్యేలా చెప్పండి.

---

ల్యాబ్‌కోటు:

ముందు నాన్నగారి సంగతి, మిగతావి తర్వాత. అపిక్సబాన్ రోజుకి రెండుసార్లు అని రాశారంటే రెండుసార్లూ పడాల్సిందే, ఎందుకంటే పన్నెండు గంటలు తిరిగేసరికి ఒంట్లో ఉన్న మందు దాదాపు సగం అయిపోతుంది, రాత్రి డోసు ఎగ్గొడితే తెల్లారేదాకా రక్షణ పల్చబడిపోతుంది, స్ట్రోక్ రాకుండా ఆపడానికే కదా ఆ మందు ఇచ్చింది. ఇవ్వాళే డాక్టర్‌కి ఫోన్ చేసి ఖర్చు వల్లే మానేస్తున్నారని ఉన్నదున్నట్టు చెప్పండి, మొహమాటపడొద్దు. వార్ఫరిన్ అని పాత మందు ఉంది, చాలా చవక, 1950ల నుంచీ మనుషులకి వాడుతున్నారు, కాకపోతే ఐఎన్ఆర్ అనే రక్త పరీక్ష తరచూ చేయించుకుంటూ డోసు సరిచూసుకోవాలి, అందరికీ పడదు కూడా. అది డాక్టర్ తేల్చాల్సిన విషయం, మీ అంతట మీరు మార్చొద్దు, ఉన్నది ఆపొద్దు.

ఇక మీ ప్రశ్న. నేను జెనరిక్ మందుల ఫైలింగ్ పనిలోనే ఉన్నా కాబట్టి చెప్తున్నా, మీరు చదివిన రెండు తారీఖులూ నిజమే, రెండూ అమెరికావి. 2019 డిసెంబర్‌లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అపిక్సబాన్ జెనరిక్‌లని అప్రూవ్ చేసింది. అంటే మందు సరిగ్గా ఉంది, బ్రాండ్‌కి సమానంగా పనిచేస్తుంది అని ఒప్పుకుందన్నమాట. కానీ అమ్ముకోవచ్చా లేదా అనేది వేరే లెక్క, అది పేటెంట్ల మీద, కోర్టుల మీద ఉంటుంది. కోర్టులో బ్రాండ్ కంపెనీల పేటెంట్లు నిలబడ్డాయి, దాంతో అక్కడ 2028 ఏప్రిల్ దాకా జెనరిక్ షాపులోకి రాదు. కొన్ని దేశాల్లో మాత్రం ఇదే మందు జెనరిక్‌గా ఎప్పుడో వచ్చేసింది. ఎందుకంటే పేటెంట్ అనేది ఏ దేశానికి ఆ దేశంలో ఇచ్చేది, ప్రపంచం మొత్తానికీ ఒక్కటే పేటెంట్ అంటూ ఉండదు.

చాలామంది తికమకపడేది ఇరవై ఏళ్ళ లెక్క దగ్గర. ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) వాళ్ళ ట్రిప్స్ అనే పేటెంట్ల ఒప్పందం ప్రకారం పేటెంట్ కనీసం 20 ఏళ్ళు ఇవ్వాలి, కానీ ఆ ఇరవై మందు మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి కాదు, అప్లికేషన్ పెట్టిన రోజు నుంచి మొదలు. మందు అణువు ల్యాబ్‌లో ఉండగానే అప్లికేషన్ పెట్టేస్తారు, ఆ తర్వాత జంతువుల మీద, మనుషుల మీద ట్రయల్స్ అన్నీ అయ్యి అప్రూవల్ వచ్చేసరికే బోలెడన్ని ఏళ్ళు పోతాయి. అలా పోయినదాంట్లో కొంత తిరిగిస్తామని అమెరికా 1984లో చట్టం చేసింది, ఐదేళ్ళ దాకా పొడిగింపు దొరుకుతుంది, అయితే అప్రూవల్ తర్వాత మొత్తం 14 ఏళ్ళు మించకూడదు. యూరప్‌లో కూడా ఐదేళ్ళ దాకా ఇచ్చే పద్ధతి ఉంది. ఇదంతా అసలు అణువు మీద ఉన్న పేటెంట్ సంగతి మాత్రమే. దాని చుట్టూ ఉప్పు రూపానికి (అదే మందుని రసాయన లవణంగా మార్చినది) ఒకటి, స్ఫటిక రూపానికి ఒకటి, బిళ్ళ తయారీకి ఒకటి, ఫలానా జబ్బుకి వాడే పద్ధతికి ఒకటి అని వరసగా వేసుకుంటూ పోతారు. అందుకే "పేటెంట్ అయిపోయింది" అని ఎక్కడైనా చదివితే నేను మొదట అడిగేది ఏ పేటెంట్ అని.

ఇన్‌హేలర్ కథ ఇంకా బాధగా ఉంటుంది. అడ్‌వైర్ డిస్కస్ అనే ఆస్తమా మందు చూడండి, లోపలున్న మందుల కాంబినేషన్ పేటెంట్ అమెరికాలో 2010లో అయిపోయింది, పొడి పీల్చుకునే ఆ గుండ్రటి డబ్బా మీది పేటెంట్ 2016 దాకా నడిచింది, మొదటి జెనరిక్ అప్రూవ్ అయ్యేసరికి 2019 జనవరి. బిళ్ళకైతే రక్తంలోకి ఎంత మందు చేరిందో కొలిస్తే తేలిపోతుంది, ఇన్‌హేలర్‌కి అది సరిపోదు, ఊపిరితిత్తుల్లో ఏ మూలకి ఎంత పోయి పడుతోంది, రోగి డబ్బాని ఒకేలా వాడగలుగుతున్నాడా అని కూడా చూపించాలి. దానికి ఏళ్ళు పడుతుంది, డబ్బు పోతుంది, చాలా కంపెనీలు మధ్యలోనే వదిలేస్తాయి.

---

వానకోయిల:

ల్యాబ్‌కోటు గారు చెప్పింది కరెక్ట్, దానికి ఒకటి కలుపుతా. నేను ఫార్మసిస్ట్‌ని. జెనరిక్ వచ్చిందని పేపర్లో చూసి మర్నాడే కౌంటర్ దగ్గరికొచ్చి ఏంటండీ రేటు తగ్గలేదు అని అడిగేవాళ్ళని చాలామందిని చూశా, వాళ్ళ మొహాలు చూస్తే నాకే బాధేస్తుంది. ఒక్క కంపెనీ వస్తే రేటు కొంతే పడుద్ది, నలుగురైదుగురు దిగితేనే బాగా పడుద్ది. ఎఫ్‌డీఏ వాళ్ళే 2019లో లెక్క తీశారు, ఒకే ఒక్క జెనరిక్ ఉంటే బ్రాండ్‌తో పోలిస్తే తయారీదారు రేటు 39 శాతం తక్కువ, ఇద్దరుంటే 54, నలుగురుంటే 79, ఆరుగురు పైన ఉంటే 95 శాతం కన్నా ఎక్కువే తగ్గింది. అది కంపెనీ గేటు దగ్గర రేటు, మధ్యలో హోల్‌సేలర్లు, ఇన్సూరెన్స్‌లు ఉంటాయి కాబట్టి పేషెంట్ కట్టేది అంతే తగ్గుద్దని కాదు.

లిపిటార్ గుర్తుందా, కొలెస్ట్రాల్ బిళ్ళ, అటోర్వాస్టాటిన్. అమెరికాలో 2011 నవంబర్ ఆఖర్లో దాని పేటెంట్ గడువు తీరింది. పేటెంట్‌ని మొదట సవాల్ చేసిన జెనరిక్ కంపెనీకి అక్కడ 180 రోజులు పోటీ లేకుండా అమ్ముకునే హక్కు ఇస్తారు, ఆ ఛాన్స్ రాన్‌బాక్సీకి దక్కింది, అదే టైములో లిపిటార్ బ్రాండ్ కంపెనీ ఫైజర్ తన మందునే వాట్సన్ అనే కంపెనీ చేత జెనరిక్ లేబుల్‌తో అమ్మించింది. ఆ ఆరునెలలూ ఉన్నది ఇద్దరే. 2012 మే ఆఖరికి ఆ 180 రోజులూ తీరి మిగతా కంపెనీలన్నీ మీదపడ్డాక అప్పుడు దిగింది అసలు రేటు. అందుకని మొదటి జెనరిక్ వచ్చిన రోజు కాదు, ఆ తర్వాత ఆరు నెలల నుంచి ఏడాది మీద కన్నేసి ఉంచండి.

---

కొత్తపేజీ:

చదువుతుంటే ఒక డౌట్. జెనరిక్‌లో 80 శాతం మందున్నా చాలంట కదా, 125 శాతం ఉన్నా ఓకేనంట? మా బాబాయికి ఫిట్స్ మందు మార్చినప్పుడు ఇదే భయం, ఇంట్లో పెద్ద గొడవైంది. ఇంకోటి, అడగొచ్చో లేదో గానీ, కంపెనీలు కొత్త మందుకి అన్నేళ్ళు కష్టపడి డబ్బు పోస్తాయి కదా, రేటు తగ్గించమని పట్టుబడితే రేపు కొత్త మందులు ఎవరు కనిపెడతారు?

---

ల్యాబ్‌కోటు:

కొత్తపేజీ గారూ, ఆ 80-125 అనేది బిళ్ళలో ఉండే మందు మోతాదు కాదండీ. స్టడీ ఎలా చేస్తారంటే కొంతమంది ఆరోగ్యవంతులైన వాలంటీర్లని తీసుకుని సగం మందికి ముందు బ్రాండ్, మిగతా సగానికి జెనరిక్ ఇస్తారు, కొన్నాళ్ళు ఆగి అటూఇటూ మారుస్తారు. మింగిన దగ్గర్నుంచి చేతికి పెట్టిన సన్నని గొట్టం (క్యాన్యులా) లోంచి గంట గంటకీ, మొదట్లో అయితే ఇంకా దగ్గర దగ్గరగా, రక్తం తీసి మందు ఎంత చేరింది, గరిష్ఠంగా ఎంతకి వెళ్ళింది అని గీత గీస్తారు. ఈ రెండు మందుల నిష్పత్తికి వచ్చే అంచనా పరిధి మొత్తం, అంటే కింది అంచూ పై అంచూ రెండూ, 80కీ 125కీ లోపలే పడాలి. అది తప్పకుండా పడాలంటే సగటు దాదాపు వందకి పక్కనే ఉండాలి. ఎఫ్‌డీఏ ఒకసారి రెండువేలకి పైగా స్టడీలు కలిపి చూస్తే ఒంట్లోకి చేరిన మందులో సగటు తేడా 3.5 శాతం దగ్గర తేలింది. బ్రాండ్ కంపెనీ తన మందు ఫార్ములా మార్చుకున్నా ఇదే పరీక్ష పెడతారు.

అయితే మీ బాబాయి గారి విషయంలో జాగ్రత్త అవసరమే. కొన్ని ఫిట్స్ మందులు, వార్ఫరిన్, థైరాయిడ్ బిళ్ళ లాంటివాటికి కొద్ది తేడా కూడా తగులుతుంది. అలాంటివాటికి మార్చేముందు డాక్టర్‌కి చెప్పి, మార్చాక రక్త పరీక్ష చేయించుకుని, ఆ తర్వాత నెల నెలా ఒకే కంపెనీది తీసుకోవడం మంచిది. ఒక నెల ఒకరిది, ఇంకో నెల ఇంకొకరిది అని మార్చుతూ పోతేనే ఇబ్బంది.

రీసెర్చ్ డబ్బు ప్రశ్న న్యాయమైనదే, కష్టపడ్డవాళ్ళకి ప్రతిఫలం ఉండాలి, 20 ఏళ్ళు ఇచ్చింది అందుకే. నాకు కడుపు మండేది ఆ ఇరవై అయిపోయాక జరిగేదాని గురించి. హుమిరా చూడండి, కీళ్ళవాతానికి ఇచ్చే ఇంజెక్షన్, అమెరికాలో దాని ప్రధాన పేటెంట్ 2016 ఆఖరికే అయిపోయింది, కానీ చుట్టూ వందకి పైగా పేటెంట్లు తీసుకుని పెట్టారు. యూరప్‌లో 2018 అక్టోబర్‌కే దాని బయోసిమిలర్లు (ఇలాంటి ఇంజెక్షన్లకి జెనరిక్ లాంటివి) వచ్చేస్తే అమెరికా పేషెంట్లు 2023 జనవరి దాకా ఎదురుచూశారు. మందు అదే, జబ్బు అదే, నాలుగేళ్ళకి పైగా తేడా. ఆ నాలుగేళ్ళలో కొత్తగా ఏం కనిపెట్టారని?

---

గట్టుమీద_గాలి:

అన్నా మంచిగ చెప్పినవ్. నేను ఇంకో ముచ్చట చెప్త, ఎందుకంటే అందరు పేటెంట్ అయిపోయే దాంక కూసొని చూసుడే అనుకుంటరు, అట్ల కాదు. మందులు ఉత్తగనే సస్తా కాలే, మనుషులు కొట్లాడితే అయినయి.

బెడాక్విలిన్ అని మొండి టీబీకి మందు ఉన్నది. దాని అసలు పేటెంట్ 2023 జులైల అయిపోయేది ఉండె, కంపెనీ ఉప్పు రూపం మీద ఇంకో పేటెంట్ అడిగి 2027 దాంక గుంజుదామని చూసింది. దాన్ని ఇవ్వొద్దని ఇండియా పేటెంట్ ఆఫీసుల 2019ల అభ్యంతరం పెట్టింది ఎవరో తెలుసా, టీబీ వచ్చి బతికి బయటపడ్డ ఇద్దరు ఆడపిల్లలు, ఇండియా నుంచి నందితా వెంకటేశన్, సౌతాఫ్రికా నుంచి ఫుమెజా టిసిలే. పాత టీబీ మందుల విషం వల్ల ఇద్దరికీ చెవులు వినపడకుండ పోయినయి. మా లెక్క ఇంకొకరికి కావొద్దని కొట్లాడిన్రు. 2023 మార్చిల పేటెంట్ ఆఫీసు ఆ అప్లికేషన్ కొట్టేసింది. పాత మందుకి కొత్త అంగీ తొడిగితే సరిపోదు, నిజంగ ఎక్కువ పనిచేస్తదని చూపెట్టాలె అని ఇండియా చట్టంల 3(డి) అని సెక్షన్ ఉన్నది, 2013ల క్యాన్సర్ మందు గ్లివెక్ కేసుల సుప్రీంకోర్టు కూడ దాన్నే పట్టుకొని తీర్పు ఇచ్చింది.

దానికన్న ముందు హెచ్ఐవీ మందులు. 2000 సంవత్సరంల ఒక మనిషికి ఏడాది మందులకి పదివేల డాలర్ల పైన, ఆఫ్రికాల మనుషులు రాలిపోతుండిరి. 2001 ఫిబ్రవరిల ఇండియా మందుల కంపెనీ సిప్లా నడిపిన హమీద్ గారు ఏడాదికి 350 డాలర్లకి ఇస్తా అన్నడు, అంటే రోజుకి డాలర్ కూడ కాదు. అదే ఏడాది నవంబర్‌ల దోహాల అన్ని దేశాలు కూసొని, ప్రజల ప్రాణాల మీదికి వస్తే పేటెంట్ ఉన్నా వేరేటోళ్ళతోని మందు చేయించుకునే హక్కు ప్రభుత్వాలకి ఉన్నదని రాసుకున్నయి. కంపల్సరీ లైసెన్స్ అంటరు. 2012ల నెక్సవార్ అనే క్యాన్సర్ మందుకి ఇండియా ఆ లైసెన్స్ నాట్కో అనే జెనరిక్ కంపెనీకి ఇచ్చింది, రేటు 97 శాతం దాంక పడ్డది, అసలు కంపెనీకి రాయల్టీ కూడ ఇప్పించిన్రు.

ఎర్రమందారం అక్కా, ఇవన్ని నీ నెల ఖర్చుకి ఇప్పటికిప్పుడు పనికొస్తయని చెప్తలేను. కాని రేటు దానంతట అది దిగదు, ఎవరో ఒకరు అడిగితేనే దిగుతది, గది తెల్వాలె మనకి.

---

ఎర్రమందారం:

అందరికీ చాలా థ్యాంక్స్, చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ల్యాబ్‌కోటు గారూ, మీ పోస్ట్ చూడగానే డాక్టర్‌కి ఫోన్ చేశా, రెండుపూటలా వేసుకోవాల్సిందే అని నాన్నతోనే నేరుగా మాట్లాడారు, గురువారం రమ్మన్నారు. నాన్న ఇప్పుడు రాత్రిపూట కూడా వేసుకుంటున్నారు. ఇంతకీ గురువారం ఏం అడగాలి? ఇంకోటి, పేటెంట్ కాకుండా ప్రభుత్వాలు రేటు తగ్గించేది ఏమీ ఉండదా?

---

వానకోయిల:

హమ్మయ్య, మంచి మాట చెప్పారు.

ప్రభుత్వాల విషయం చెప్తా. చాలా దేశాల్లో ప్రభుత్వమే మొత్తం జనం తరఫున కంపెనీతో బేరమాడుద్ది, ఈ రేటుకైతే కొంటాం లేదంటే లేదు అని. అమెరికాలో పెద్దవాళ్ళకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్‌కి మాత్రం చాలాకాలం ఆ అధికారమే లేదు, 2022లో చట్టం వచ్చింది, మొదటి పది మందులకి బేరం చేసిన రేట్లు 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి, ఆ పదిలో మీ నాన్నగారి అపిక్సబాన్ కూడా ఉంది. అంటే పేటెంట్ ఇంకా నడుస్తుండగానే రేటు తగ్గే దారి ఉందన్నమాట.

దీనికి తిరగేసి కూడా ఉంటుంది. ఇన్సులిన్ కనిపెట్టినవాళ్ళు 1923లో పేటెంట్‌ని ఒక్కో డాలర్ తీసుకుని టొరంటో యూనివర్సిటీకి ఇచ్చేశారు, అందరికీ అందాలని. వందేళ్ళ తర్వాత అమెరికాలో మనుషులు దాన్ని కొనలేక డోసులు తగ్గించుకున్నారు, అచ్చం మీ నాన్నగారిలాగే. మూడు కంపెనీల చేతిలోనే ఉంది కాబట్టి ఏటా పెంచుకుంటూ పోయారు, 2023లో జనం ఒత్తిడీ, కంపెనీలు ప్రభుత్వానికి తిరిగివ్వాల్సిన రిబేటు రూల్సు మారడమూ రెండూ కలిసొస్తే గానీ కొన్ని ఇన్సులిన్ల రేటు 65 నుంచి 78 శాతం దాకా తగ్గిస్తామని ప్రకటించలేదు. డారాప్రిమ్ అనే ఇన్‌ఫెక్షన్ మందు అయితే 1953 నాటిది, పేటెంట్ ఎప్పుడో పోయింది, అక్కడ ఒక్కరే అమ్ముతుండటంతో 2015లో బిళ్ళ 13.50 డాలర్ల నుంచి ఒకేసారి 750 చేశారు. పోటీ లేకపోతే పాత మందైనా అంతే.

గురువారం సంగతి. చీటీ మీద బ్రాండ్ పేరు కాకుండా మందు అసలు పేరు రాయమనండి, లేదా జెనరిక్ ఇవ్వొచ్చని రాయించుకోండి, జెనరిక్ మీ దగ్గరికి వచ్చిన రోజు అది ఉపయోగపడుద్ది, కొన్నిచోట్ల బ్రాండే ఇవ్వాలని రాసి ఉంటే ఫార్మసిస్ట్ మార్చడానికి వీల్లేదు. ఇన్‌హేలర్ గురించి అయితే "ఇదే రకం మందు పాతది ఏదైనా చవగ్గా ఉందా" అని సూటిగా అడగండి. డాక్టర్లకి చాలాసార్లు పేషెంట్ జేబులోంచి ఎంత పోతోందో తెలీదు, అడిగితే తప్ప మాట రాదు. రెండు మందులు కలిపిన బ్రాండ్ అయితే విడివిడిగా తీసుకుంటే ఎంతవుతుందో కనుక్కోండి, మామూలు నొప్పి బిళ్ళనీ కడుపు బిళ్ళనీ కలిపి కొత్త పేరు పెట్టి చాలా రెట్లు అమ్మిన బ్రాండ్లు ఉన్నాయి. కాకపోతే ఆస్తమాకి ఇక్కడ జాగ్రత్త, కలిపి ఇచ్చే ఇన్‌హేలర్‌లో స్టిరాయిడ్‌నీ, ఎక్కువసేపు శ్వాసనాళాలు తెరిచి ఉంచే మందునీ కలిపి పెట్టడానికి కారణం ఉంది, స్టిరాయిడ్ ఆపేసి రెండోది ఒక్కటే వాడితే ప్రమాదం, అందుకని విడదీయడం డాక్టర్ చెప్తేనే. కంపెనీల పేషెంట్ సహాయ పథకాలు ఉంటాయి, ఆదాయం కాగితాలు అడుగుతారు, ఫారం డాక్టర్ సంతకం పెట్టాలి కాబట్టి ముందే ప్రింట్ తీసుకెళ్ళండి.

మీ దేశంలో ఏ పేటెంట్ ఎప్పుడు అయిపోతుందో చూడాలంటే మెడిసిన్స్ పేటెంట్ పూల్ వాళ్ళ మెడ్స్‌పాల్ అని ఫ్రీ డేటాబేస్ ఉంది, అందులో అన్ని మందులూ ఉండవు గానీ వెతికి చూడండి. అమెరికాకి అయితే ఎఫ్‌డీఏ ఆరెంజ్ బుక్ అనే జాబితా.

---

కొత్తపేజీ:

ల్యాబ్‌కోటు గారూ ఆ 80-125 లెక్క ఇన్నాళ్ళకి అర్థమైంది, బాబాయికి మీ పోస్ట్ చదివి వినిపించా. ఒకే కంపెనీది ఇవ్వమని షాపులో చెప్పొచ్చా, వాళ్ళు ఒప్పుకుంటారా?

---

ల్యాబ్‌కోటు:

నిక్షేపంగా చెప్పొచ్చు. ఖాళీ షీట్ తీసుకెళ్ళి తయారీదారు పేరు చూపించి ఇదే కావాలనండి, స్టాక్ లేకపోతే తెప్పించమనండి, అందుకే మందులు అయిపోవడానికి వారం ముందే వెళ్ళండి. ఎర్రమందారం గారూ, మీక్కూడా ఒక మాట, గురువారం ఇన్‌హేలర్ మారిస్తే కొత్తదాన్ని నాన్నగారి చేత అక్కడే డాక్టర్ ముందో నర్సు ముందో పీల్పించి చూడమని అడగండి. స్ప్రేలా వచ్చేదాన్ని నెమ్మదిగా లోతుగా పీల్చాలి, పొడి ఉండేదాన్ని ఒక్కసారిగా బలంగా పీల్చాలి, ఇన్నేళ్ళ అలవాటులో దీన్ని దానిలా పీలిస్తే మందు గొంతులోనే ఆగిపోతుంది, మందు పనిచేయట్లేదనుకుని మళ్ళీ పాత బ్రాండ్‌కే వెళ్ళిపోతారు. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయమనండి. అక్కడ ఏం చెప్పారో ఇక్కడ రాయండి, కొత్త మందు పేరు పెడితే దాని పేటెంట్ వివరాలు నేను చూసి చెప్తా.